రొయ్యల చెరువుకు ఆగే శక్తి కావాలి

2025 ఆగస్టు 27న మన సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మన రొయ్యలను అన్నిటికన్నా ఎక్కువగా కొనే దేశం అదే కావడంతో, ఆ దెబ్బ నేరుగా కోస్తా చెరువు గట్టుకే తగిలింది. కోల్డ్ స్టోరేజీలు పెంచితే ధర వచ్చేదాకా సరుకు ఆపుకోవచ్చన్న వాదనలో నిజముంది. అయితే మైనస్ 18 డిగ్రీల్లో నెలల తరబడి నిల్వ ఉంచాలంటే రాత్రింబవళ్లు కరెంటు కావాలి, అది పోతే డీజిల్ కావాలి. ఆగే శక్తి ముందు చెరువులోనే ఉండాలన్నది మా అభిప్రాయం.

మన చెరువుల్లో ఎక్కువగా పెంచే వనామీ రకం రొయ్యకు నిబంధన ప్రకారం చదరపు మీటరుకు 60 రొయ్యపిల్లలు దాటకూడదు. అంటే ఎకరాకు దాదాపు 2.4 లక్షలు. అంత చిక్కగా వేసిన చెరువులో తెల్లవారుజామున నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే ముప్పు తప్పదు. రాత్రంతా రొయ్యతోపాటు నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అడుగున కుళ్లిన మిగులు మేత మిగతాది లాగేస్తుంది. ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే రొయ్య పైకి తేలుతుంది. అప్పుడు కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఎంతున్నా, ధర ఎలా ఉన్నా రొయ్యలను పట్టేయాల్సిందే. పలచగా వేసిన రైతు మరో పది రోజులు ఆగగలడు. ఆ రోజులకు మేత ఖర్చవుతుంది, నిజమే. కానీ రొయ్య పెరిగి కౌంటు మెరుగవుతుంది, కరెంటు, డీజిల్ బిల్లూ తగ్గుతాయి.

నీటి సంగతి ఇంకా ముఖ్యం. చాలాచోట్ల ఒకరు నీళ్లు వదిలే కాలువలోంచే పక్కవారు తోడుకుంటారు. 1990ల మధ్యలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన తెల్లమచ్చ వైరస్‌కు ఇప్పటికీ అదే దారి. తెగులు వచ్చిన చెరువు నీటిని బ్లీచింగ్ వేసి, మందు ఘాటు పోయేదాకా నిలిపాకే వదలాలి. ఆ నీటిని నిలపడానికి రెండెకరాల రైతు దగ్గర వేరే చోటు ఉండదు. కాబట్టి పదిమంది కలిసి తమ విస్తీర్ణంలో పదో వంతు శుద్ధి చెరువుకు కేటాయించుకోవాలి. ఆ భూమికి కౌలు ఎవరు కడతారన్న దగ్గరే ఇలాంటి ప్రయత్నాలు ఆగిపోతాయి. తెగులు తగ్గితే యాంటీబయాటిక్స్ వాడకం తగ్గుతుంది, రొయ్యలో ఆ మందుల అవశేషాలు తేలి ఎగుమతి కంటైనర్ వెనక్కి వచ్చే ప్రమాదమూ తగ్గుతుంది.

అందుకే ఆ కౌలును తొలి మూడేళ్లు ప్రభుత్వమే భరించాలి. విద్యుత్ రాయితీలో కొంత భాగాన్ని శుద్ధి చెరువున్న బృందాలకు అదనంగా ఇవ్వాలి. బ్యాంకులు ఎకరాకు ఎన్ని పిల్లలు వేశారో చూసి రుణ పరిమితిని నిర్ణయించాలి. పలచగా వేసిన రైతుకు ఎక్కువ గడువు ఇవ్వాలి.