సమాధుల తోటలో విడిపోయి, కలలో కలుసుకున్నవారు

ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ అయిన మొరావియన్లలో తొలితరం వారు రాసిపెట్టుకున్న జీవితకథనాల్లో, చనిపోయిన తల్లో, భర్తో, బిడ్డో కలలో కనిపించిన ప్రస్తావన ఎదురైతే దాన్ని భక్తి పారవశ్యం అనో, తీరని దుఃఖం అనో తేల్చేయడం పండితులకు అలవాటైంది. ఈ రెండు వివరణలూ అసలు ప్రశ్నను దాటవేస్తున్నాయన్నది నా వాదన. మెలకువలో ఆ సమాజం మనిషికి తన కుటుంబాన్ని ఎంతమేరకు మిగిల్చిందో ముందు చూడాలి.

1722లో జర్మనీలోని సాక్సనీలో, వారికి ఆశ్రయమిచ్చిన జమీందారు జిన్‌జెన్‌డార్ఫ్ భూముల్లో వారి ఊరు హెర్న్‌హుట్ వెలసిన కథ, 1727 నాటి ఆత్మీయ పునరుజ్జీవనం చాలామంది ఎరిగినవే. అంతగా చర్చకు రానిది అక్కడి నివాస పద్ధతి. వయసును, లింగాన్ని, వివాహ స్థితిని బట్టి సభ్యులను 'కోయర్లు' అనే బృందాలుగా విభజించారు. పెళ్లికాని సోదరులకు ఒక ఇల్లు, సోదరీమణులకు మరొకటి, వితంతువులకు ఇంకొకటి. ఫలానావారిని పెళ్లాడవచ్చా అన్నది చీటీ వేసి తేల్చేవారు. 1741లో పెన్సిల్వేనియాలో స్థాపించిన బెత్లెహెంలోనైతే, సుమారు ఇరవయ్యేళ్లపాటు భార్యాభర్తలు కూడా వేర్వేరు ఇళ్లలో ఉన్నారు, పాలు మాన్పించిన పిల్లలు సామూహిక శిశుగృహంలో పెరిగారు. చావు కూడా ఈ విభజనను చెరపలేదు. సమాధుల తోటలో అందరికీ ఒకే తీరు పలకరాయి వేసేవారు, కానీ భర్తను పురుషుల వరుసలో, భార్యను స్త్రీల వరుసలో పాతిపెట్టేవారు.

నన్ను ఆకట్టుకునేది సరిగ్గా ఇక్కడే ఉంది. మరణాన్ని ఆ సమాజం 'ఇంటికి వెళ్లడం' అంది, పోయినవారిని పైనున్న సంఘంలో సభ్యులుగా లెక్కించింది, ఈస్టర్ తెల్లవారుజామున వారి సమాధుల మధ్యనే పాటలు పాడింది. ఇంతటి దగ్గరితనం నేర్పిన సంఘమే ఆ పోయినవారు ఎవరికి ఏమవుతారన్న బంధాన్ని పలచన చేసింది. ఆ స్థితిలో కలలోకి వచ్చిన తల్లి కేవలం తోటి సభ్యురాలు కాదు, అమ్మే. చీటీకి గానీ పెద్దల సలహాకు గానీ అందని చోట, పగలు సంఘం విడదీసిన కుటుంబాన్ని రాత్రి ఆ కల మళ్లీ ఒక్కచోటికి చేర్చింది. ఆ కలలను మతం తాలూకు పొంగుగా కాక, మతం లోపలే మిగిలిన కుటుంబపు హక్కుగా చదవాలని నేనంటున్నాను.

ఈ కథనాలు అంత్యక్రియల్లో చదవడానికి రాసినవి కాబట్టి అందులోని కలలు ఒక మూసలో ఉంటాయనీ, నాయకత్వం వాటిని దిద్ది ఉండవచ్చనీ అభ్యంతరం ఉంది. నిజమే, 1740లలో సంఘంలో పెల్లుబికిన భక్తి భావోద్రేకం తర్వాత పెద్దలు చాలా జాగ్రత్తపడ్డారు, ఆ కాలపు కాగితాలను కొన్నింటిని కావాలనే తగలబెట్టారు కూడా. అయితే అంత జల్లెడ పట్టాక కూడా నిలిచిన కల మరింత బరువైన సాక్ష్యం కదా!

కుమ్మరి, వడ్రంగి, పనిమనిషి, బెత్లెహెంలోని ఆండ్రూ వంటి బానిసగా తెచ్చిన ఆఫ్రికన్ సైతం తన బతుకును తన మాటల్లో చెప్పుకొనే వీలు ఈ జీవితకథనాల పద్ధతిలో దొరికింది. ప్రసంగాల నుంచి మాత్రమే మత చరిత్రను అల్లేవారికి ఈ గొంతులు వినపడవు. మన తెలుగు సంఘాల చరిత్ర కూడా ఇప్పటికీ ఎక్కువగా మిషనరీల నివేదికల మీదనే నడుస్తోంది. ఈస్టర్ చీకట్లో కొవ్వొత్తి పట్టుకొని సమాధుల తోటకు వెళ్లే మన ముసలమ్మను అడిగితే, ప్రభువునందు నిద్రించిన భర్త ఏ రాత్రి కలలోకి వచ్చాడో, ఏమన్నాడో చెబుతుంది. సంఘపు రిజిస్టరులో ఆమె బాప్తిస్మం తేదీ ఉంటుంది, పెళ్లి తేదీ ఉంటుంది, ఆ మాట రాసుకోవడానికి మాత్రం గడి ఉండదు.