మా కంపెనీ, మన కంపెనీ

ఉద్యోగికి సంస్థ మీద ఎంత మమకారం ఉందో కనిపెట్టడానికి హెచ్ఆర్ వాళ్ళు ఏటా సర్వేలు పెడతారు. అంత శ్రమ ఎందుకు, అతను "మా కంపెనీ" అంటున్నాడా "మన కంపెనీ" అంటున్నాడా వింటే సరిపోతుంది. "మా" అంటే అడ్రస్ చెప్పడమే, ఆఫర్ లెటర్ మారితే అదీ మారిపోతుంది. "మన" మాత్రం ఊరికే రాదు.

గోదావరిఖనిలోనో మందమర్రిలోనో ఎవరైనా "కంపెనీలో పని" అంటే ఏ కంపెనీ అని అడగరు, సింగరేణే. బాయి (బొగ్గు గని) పనేమీ సుఖం కాదు, తలకు లైటు పెట్టుకుని చీకట్లోకి దిగాలి. మేనేజ్‌మెంట్‌తో యూనియన్లకు ఎప్పుడూ ఏదో ఒక పేచీ. తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో అయితే నెలకు పైగా విధులు మానేశారు. అయినా అది మన సింగరేణే. ఎందుకంటే క్వార్టరు, ఆస్పత్రి కంపెనీవే, కార్మికుడికి ఏమైనా అయితే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం ఉంటుంది, పైగా లాభాల్లో వాటా. 2023-24 లాభంలో విస్తరణకు తీసి పక్కన పెట్టగా మిగిలిన దాంట్లో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు ప్రకటించారు. మనిషికి సగటున 1.90 లక్షలు.

అప్పుడే సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు కూడా తొలిసారి తలా 5 వేలు అన్నారు. మంచిదే, కాదనను. కానీ అదే బొగ్గు, అదే దుమ్ము, ఒకరికి దాదాపు రెండు లక్షలు, ఇంకొకరికి ఐదు వేలు. ఆ రెండో మనిషి నోట "మన" అనే మాట ఎలా వస్తుంది?

పోనీ జీతం పెంచితే వస్తుందా అంటే, అదీ కాదు. నేను పనిచేసిన ఓ ఐటీ ఆఫీసులో (పేరెందుకులెండి) జీతాలు బాగానే ఉండేవి. ఓసారి టౌన్‌హాల్ అని ఆఫీసు మొత్తాన్నీ మీటింగుకి కూర్చోబెట్టి, మనమంతా ఒకే ఫ్యామిలీ అని చెప్పి టీషర్టులు పంచారు. రెండు నెలలు తిరక్కుండానే మా టీమ్‌లో ఒకతని ట్యాగ్ గేటు దగ్గర పనిచేయలేదు. మెషిన్ పాడైందేమో అనుకుని ప్యాంటుకి తుడిచి, తిప్పి, మళ్ళీ పెట్టి చూశాడు, వెనకాల లైను పెరిగిపోతోంది. సెక్యూరిటీ అతను మెల్లగా పక్కకు పిలిచాడు. మెయిల్ పొద్దున్నే వచ్చిందట, చూసుకోలేదు. ఒంటి మీద ఉన్నది ఆ టీషర్టే.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో "మా కంపెనీ" అన్నవాళ్ళు కూడా లేరు. అందరూ "వీళ్ళు" అనే అన్నారు.