కొప్పుకీ కొలువుకీ ముడి

బోడిగుండుకీ మోకాలికీ ముడి పడదని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. పాపం, వాళ్లు అమెరికా కోర్టుల పనితనం చూడలేదు. అక్కడ జడపాయలకీ జీతానికీ, ఉంగరాల జుట్టుకీ దేశభక్తికీ ముడి పడి చాలాకాలమైంది. పైగా అది నల్లజాతివాళ్ల జుట్టు దగ్గరే పడే ముడి. విప్పడానికి చట్టసభలే దిగినా ఇంకా ఊడి రావడం లేదు. ఇంతటి కేశశాస్త్ర పాండిత్యాన్ని తెలుగువాళ్లకు పరిచయం చెయ్యకుండా ఊరుకోవడం నా మనసొప్పలేదు.

ఈ శాస్త్రానికి మూలపురుషుల్లో ఒకాయన ఎస్తెబాన్ మిరో. లూసియానా స్పెయిన్ ఏలుబడిలో ఉన్నప్పుడు గవర్నరు. న్యూ ఆర్లియన్స్‌లో బానిసలు కాని నల్లజాతి ఆడవాళ్లు తలనిండా నగలూ ఈకలూ ముడుచుకుని తిరుగుతుంటే ఊళ్లో దొరసానులకు కంటగింపైంది. జుట్టు కనబడకుండా గుడ్డ కట్టుకు తీరాలని 1786లో మిరో ఆజ్ఞ వేశాడు. వాళ్లు కట్టుకున్నారు. ఎంచి ఎంచి మంచి రంగుల గుడ్డలు తెచ్చి, చూసినవాళ్లు మళ్లీ చూసేలా చుట్టుకున్నారు. ఆజ్ఞ అక్షరాలా అమలైంది, ఉద్దేశం మటుకు మిసిసిపీలో కలిసింది.

అసలైన పాండిత్యం బయటపడింది 1981లో, న్యూయార్కు ఫెడరల్ కోర్టులో. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న రెనీ రోజర్స్ అనే నల్లజాతి ఉద్యోగిని కార్న్‌రోలు వేసుకుని డ్యూటీకి వచ్చింది. కార్న్‌రోలంటే మాడుకి అంటిపెట్టుకుని వరసలు వరసలుగా అల్లే సన్నజడలు. కుదరదంది కంపెనీ. ఆమె దావా వేసింది. కోర్టు సావధానంగా విని చెప్పిన ధర్మసూక్ష్మం ఇది: ఆఫ్రో, అంటే తల చుట్టూ గుబురుగా పెరగనిచ్చిన ఉంగరాల జుట్టు, అయితే పుట్టుకతో వచ్చినది, దాన్ని నిషేధిస్తే ఆలోచించాల్సిందే. జడలు అలా కాదు, మనిషి చేసుకున్న అలంకారం. ఇవాళ వేసుకుని రేపు విప్పెయ్యొచ్చు. కనక దాన్ని నిషేధిస్తే జాతివివక్ష కిందికి రాదు.

తెలుగులో చెప్పుకుంటే, జుట్టును దాని మానాన వదిలేస్తే చట్టం అండగా నిలబడుతుంది. గంటలకొద్దీ కూర్చుని పాయలు తీసి పొందిగ్గా అల్లుకున్నారో, ఇక మీ ఖర్మ. ఆఫీసులో మేనేజర్లేమో ఆ వదిలేసిన జుట్టుని చూసే మొహం చిట్లిస్తారు. ఇందులో వైరుధ్యం కనిపిస్తే మీకు న్యాయశాస్త్రం ఒంటబట్టలేదని అర్థం.

అదే తీర్పులో బో డెరెక్ ప్రస్తావన కూడా ఉంది. ఆవిడ తెల్లజాతి నటి. 1979లో ఒక సినిమాలో అవే జడలు వేసుకుని సముద్రపొడ్డున పరిగెత్తింది. ఆ సినిమాతో ఈ జడలకు ప్రచారం వచ్చాకే రోజర్స్ వేసుకొచ్చిందన్న సంగతి కోర్టు దృష్టిని దాటిపోలేదు. ఆఫ్రికాలో వేల ఏళ్లుగా తల్లులు కూతుళ్లకు అల్లుతూ వచ్చిన జడ మీద హక్కు అలా ఒక్క సినిమాతో హాలీవుడ్‌కు రిజిస్టరైపోయింది. మన కూచిపూడి సత్యభామ అదృష్టవంతురాలు, ఆ జడ పట్టుకుని కోర్టు మెట్లెక్కలేదు.

ఇంతకంటే గొప్ప ఘట్టం ఇంకొకటుంది. కంపెనీవాళ్లు మరీ కఠినాత్ములేం కాదు. జడలు విప్పొద్దులెమ్మా, వెనక్కి ముడేసి దాని చుట్టూ సవరం పెట్టుకో అన్నారు. ఆవిడ పెట్టుకుంది. పెట్టుకుంటే విపరీతమైన తలనొప్పి వస్తోందని కోర్టుకు చెప్పుకుంది. కోర్టు ఆలోచించి ఇచ్చిన చికిత్స: అయితే ఇంకాస్త పెద్ద సవరం పెట్టుకుంటే సరి. ఇది నా కల్పన కాదు, తీర్పులో ఉన్న మాటే. వైద్యుడి ఫీజు లేకుండా తలనొప్పికి మందు చెప్పిన న్యాయస్థానం ఇంకెక్కడైనా ఉందా?

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్న సామెత అట్లాంటిక్ దాటలేదని 2010లో మరోసారి రుజువైంది. అలబామాలోని మొబీల్ పట్నంలో ఒక నల్లజాతి యువతికి ఉద్యోగం ఖాయమైంది. ఆమెవి పొట్టి డ్రెడ్‌లాక్స్, అంటే తాళ్లలా పేనుకున్న జటలు. లాక్స్ అని కూడా అంటారు. తీసేస్తేనే ఉద్యోగం అన్నారు. అవి చిందరవందరగా తయారవుతుంటాయని హెచ్చార్ ఆవిడ వివరణ. ‘మీవి అలా ఉన్నాయని కాదనుకోండి’ అని మర్యాద కూడా చేసింది. అంటే ఎదురుగా ఉన్న తల నీటుగానే ఉంది, ఊహలో ఉన్న తలే బాగాలేదు, ఉద్యోగం పోయింది మాత్రం ఎదురుగా ఉన్న తలది. 2016లో అప్పీలు కోర్టు కూడా కంపెనీ పక్షమే. లాక్స్ మార్చుకోగలిగినవి కదా అంది. మార్చుకోగలిగిన దాన్నల్లా మార్చుకోమనొచ్చంటే ఇంటిపేరు, మతం, వేసుకున్న చొక్కా కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మతానికి చట్టం రక్షణ ఉంది. జుట్టుకు అప్పటికి లేదు.

ఈ బాధ పడలేక కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం చేసింది. జడలూ లాక్స్ లాంటి జుట్టు తీరును బట్టి కొలువులోనూ బడిలోనూ వివక్ష చూపకూడదని దాని సారాంశం. ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022లో ప్రతినిధుల సభ దాటి సెనెట్ గుమ్మం దగ్గర చతికిలబడింది. టెక్సాస్ చట్టం అమల్లోకి వచ్చింది 2023 సెప్టెంబరు 1న. సరిగ్గా ముందురోజు హ్యూస్టన్ దగ్గర మాంట్ బెల్వ్యూలో ఒక నల్లజాతి విద్యార్థిని బడి సస్పెండ్ చేసింది. ఆ ముహూర్తబలాన్ని మెచ్చుకోవాలి. మగపిల్లల జుట్టు కనుబొమలు, చెవితమ్మెలు, చొక్కా కాలరు దాటకూడదని అక్కడి రూలు. అబ్బాయి లాక్స్ నడినెత్తిన ముడేసుకుని వచ్చాడు, ఏమీ దాటలేదు. కానీ విప్పితే దాటుతుందిట! ఇలా ‘విప్పితే’ అన్న ప్రాతిపదిక మీద విచారణ మొదలైతే మన పల్లెటూళ్లలో సిగలున్న తాతలంతా ముద్దాయిలే.

చట్టం జుట్టు తీరు గురించి చెప్పింది గానీ పొడవు గురించి చెప్పలేదని 2024 ఫిబ్రవరిలో జడ్జి బడినే గెలిపించాడు. అంతకుముందు నెలే ఆ బడుల సూపరింటెండెంటు పేపర్లో పేజీ నిండా ప్రకటన ఇచ్చి, అమెరికన్ అన్నాక ఒరవడికి కట్టుబడాల్సిందేనన్నాడు. రాజుగారి మీద తిరగబడి పుట్టిన దేశమని ఆ పిల్లాడికి చరిత్ర క్లాసులో చెప్పేవాళ్లేమో, వాణ్ని ఆ క్లాసులో కూర్చోనివ్వలేదు.

రూలు అందరికీ ఒకటే కదా అని అడిగే తటస్థులుంటారు. నిజమే, ఒకటే. అది రాసినవాళ్ల జుట్టు కిందికి పడేది. పైకి లేచే జుట్టు కూడా భూమ్మీద ఉంటుందని వాళ్లకు తోచలేదు, అంతే. 2021లో అంతర్జాతీయ ఈత సమాఖ్య గుబురుజుట్టుకు సరిపడే టోపీని, తల సహజ ఆకారానికి అనుగుణంగా లేదని తిరస్కరించింది. మరుసటేడు ఒప్పుకుంది. ఆ ఏడాదిలో తలల ఆకారం ఏమన్నా మారిందా అని ఎవరూ కొలవలేదు.

ఇక మన వంతు. తిరుమల గుండుతో డాలస్ ఆఫీసుకు వెళ్లిన తెలుగు కుర్రాడిది కనుబొమలూ దాటదు, కాలరూ దాటదు, మాంట్ బెల్వ్యూలో వాడికి బంగారు పతకం ఇవ్వాలి. వాడు కల్యాణకట్టలో వదిలేసిన జుట్టు పొట్టిది, విగ్గులకు పనికిరాదు. వాడి అమ్మ మొక్కు తీర్చుకుంటూ ఇచ్చిన బారెడు జడ మటుకు ఈ-వేలంలో అమ్ముడై, శుద్ధయి, విగ్గులుగా, వెఫ్టులుగా, అంటే సొంత జుట్టుకు కలిపి కుట్టే జుట్టు కుచ్చులుగా, సముద్రాలు దాటుతుంది. అహంకారం వదిలించుకోడానికి ఇక్కడ తీసేసినదాన్ని, ఉద్యోగం నిలబెట్టుకోడానికి అక్కడ కొనుక్కుంటారు. అట్లాంటాలో ఒక నల్లజాతి అమ్మాయి ఆ జుట్టు కుట్టించుకోవాలంటే ముందు తన జుట్టును కార్న్‌రోలుగా అల్లించుకోవాలి. కుట్టు నిలబడేది వాటి మీదే. 1981లో కొలువుకు పనికిరావన్న జడలు ఇవాళ ఎన్ని ఆఫీసుల్లో మీటింగులకు హాజరవుతున్నాయో! పైన మన ఊరి అమ్మ జుట్టు కప్పుకుని ఉన్నాయి కాబట్టి ప్రొఫెషనల్.

తిరుమలలో జుట్టును పొడవును బట్టి రకాలుగా విడగొట్టి వేలం వేస్తున్నారు. న్యూయార్కు తీర్పును గౌరవించి, ఆ పట్టికలో ‘తలనొప్పి రానంత పెద్ద సవరానికి’ అని ఇంకో రకం చేర్చాలని దేవస్థానం వారికి నా మనవి.