ఇంటిపేరు లేని వీరనారి

మా మేనకోడలు ఇంటర్ రెండో సంవత్సరం. ఫిజిక్స్ రికార్డు వెనక పేజీల్లో ఒక నవల రాసింది. చరిత్ర అడ్డం తిరిగితే ఏమయ్యేదన్న కథ. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేసి పోయాయి కదా, ఈ పిల్ల నవల్లో అంతటితో పోవు. నెల తిరక్కుండా సైన్యం బందర్లో దిగుతుంది. బెజవాడ జంక్షన్ వాళ్ళ చేతికి చిక్కుతుంది. పదహారేళ్ళ హీరోయిన్ మారుపేరుతో సత్యనారాయణపురంలో గది తీసుకుని మూడు నెలలపాటు రైలు పట్టాలు పీకుతుంది.

బాధ్యత గల విమర్శకుడిగా చదివాను. మొదటి తప్పు పన్నెండో పేజీలోనే దొరికింది. హీరోయిన్ ప్రకాశం బ్యారేజీ మీంచి సీతానగరం పరిగెడుతుంది. బ్యారేజీ వచ్చింది 1957లో; అప్పుడున్నది కాటన్ దొర కాలం నాటి ఆనకట్ట. రైలు వంతెన మీంచి పరిగెత్తించమన్నాను, దిద్దింది.

జపాను వాడు బందర్లో దిగడం మీద నాకు పేచీ లేదు. వస్తున్నాడన్న భయంతో మద్రాసు సర్కారే ఆ ఏప్రిల్లో ఆఫీసుల్ని లోపలి ఊళ్ళకు తరలించింది. పట్టాల సంగతీ నమ్మొచ్చు. అదే ఏడాది ఆగస్టు 12న తెనాలి రైల్వే స్టేషన్ తగలబడింది, పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారు. తెనాలిలో ఆ చోటికి రణరంగ చౌక్ అన్న పేరు అందుకే.

నా అభ్యంతరమల్లా ఆ అద్దె గది మీద.

మూడు నెలలు! ఇంటిపేరు ఎవరికీ తెలియకుండా! కల్పనకైనా హద్దుండాలి. జపాను మిలిటరీ పోలీసులు గోళ్ళు పీకినా రాబట్టలేనిది బెజవాడ ఇంటావిడ గ్లాసుడు మజ్జిగతో రాబడుతుంది. నాకు అనుభవం. పెళ్ళైన కొత్తలో గది కోసం వెళ్తే, ఆవిడ గుమ్మంలో పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"మీదే ఊరు బాబూ?"

"గుంటూరు దగ్గరండీ."

"దగ్గరంటే?"

చెప్పాను.

"చెరువు గట్టు మీద రామాలయం ఉండాలే. మీ ఇల్లు దానికి ముందు వీధా, వెనక వీధా?"

నాలుగో ప్రశ్న అవసరం రాలేదు. చిక్కుడు ఈనె వచ్చినంత సులువుగా నా కులం ఊడొచ్చింది. గది నిన్ననే వేరే వాళ్ళకు మాటిచ్చామంది. ఆ గోడకి టూలెట్ బోర్డు ఆర్నెల్లు వేలాడింది.

అసలు జపాను కమాండరే ఇల్లడగడానికి వచ్చాడనుకోండి. జపాను వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు కాబట్టి ఆవిడకి సగం పని తప్పుతుంది. "టోక్యోనా? టోక్యోలో ఏ వీధి బాబూ?" అంటుంది. వాడికీ గది దొరకదు. మన ఊరి ప్రతిఘటన అంటే ఇదీ. తుపాకీ అక్కర్లేదు, పీట చాలు.

ఇదంతా పిల్లకు ఓపిగ్గా వివరించాను.

"అయితే ఏం చెయ్యమంటావు మావయ్యా?"

"ఆ పిల్లకి ఒక ఇంటిపేరు పెట్టు. చదివేవాళ్ళకి ఎవరమ్మాయో తెలియాలి కదా."

"ఏం పెట్టను?"

"దానికంత ఆలోచనెందుకే, మనవాళ్ళది ఏదో ఒకటి పెట్టెయ్."

పిల్ల పెన్నుకి మూత పెట్టింది.

"చిక్కుడుకాయలు తెమ్మంటావా మావయ్యా?" అంది.