ఇల్లు ఓనర్లను ఆపరేషన్ థియేటర్‌కు పంపండి

నల్లగొండలో ఇల్లు కిరాయికి కావాలంటే ముందు ఓనరు గారి పరీక్ష పాసవ్వాలి. ఇంటిపేరేంది? సొంతూరు దేవరకొండనా, మిర్యాలగూడనా? అక్కనెవరికిచ్చిన్రు? ముక్క తింటరా? అడ్వాన్స్ మాట వచ్చేసరికి మన ఏడు తరాలూ ఆయన నోట్లో నానుతుంటాయి.

ఇంత ప్రతిభ వరండాల్లో వృథా అవుతోంది. వీరిని తక్షణం ఆపరేషన్ థియేటర్లలో నియమించాలని ప్రభుత్వానికి మనవి.

మత్తిచ్చాక గొంతులో గొట్టం వేయడానికి సక్సినైల్‌కోలిన్ అనే సూది ఇస్తుంటారు. ఒళ్లంతా చచ్చుబడుతుంది, ఊపిరీ ఆగుతుంది. రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొడితే పది నిమిషాల్లో అంతా మామూలే. ఆ ఎంజైమ్ పనిచేయనివాళ్లకు గంటలు పడుతుంది, అంతసేపూ వెంటిలేటరే దిక్కు. లోకంలో అరుదైన ఈ లోపం మన ఆర్యవైశ్యుల్లో ఎక్కువని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. తరతరాలుగా బయటి సంబంధం చేయకపోతే జన్యువు మాత్రం ఎక్కడికి పోతుంది?

అదే ఓనరు గారైతే బల్ల పక్కనే కుర్చీ వేసుకుంటారు.

"మీ మేనత్త కొడుకు హెర్నియాకు పోయి తెల్లారిందాక లేవలేదంట గదా?"

మత్తు డాక్టర్ చేతిలో సిరంజి ఆగుతుంది. "సార్, పక్కకు జరగండి."

"ఆగు బాబూ, పెద్దనాయన సంగతి ఇంకా కాలే."

అసలు సమాచారం ఆ పెద్దనాయన దగ్గరే ఉంటుంది. ముక్క తింటరా అని కూడా అడిగేస్తారనుకోండి, అలవాటు కొద్దీ.

కులం విని మందు మార్చమని కాదు. అన్నకున్న లోపం తమ్ముడికి ఉండకపోవచ్చు. తేల్చడానికి రక్తపరీక్ష ఉంది. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా రాసే క్లోపిడోగ్రెల్‌దీ ఇదే కథ. కాలేయంలో సీవైపీ2సీ19 ఎంజైమ్ పనిచేస్తేనే అది మందవుతుంది. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2010లోనే ఆ మందు మీద ఈ హెచ్చరిక పెట్టించింది. ఆ ఎంజైమ్ సరిగా పనిచేయనివాళ్లు యూరప్‌లో కంటే మన దగ్గరే ఎక్కువ. మన చీటీల మీద మాత్రం అందరికీ అదే గోలీ.

ఇల్లియ్యకపోవడానికి కులం కావాలి. పిల్లనియ్యకపోవడానికి కావాలి. ప్రేమించినోణ్ని నడిరోడ్డు మీద నరికించడానికీ కావాలి. మనిషి ప్రాణం నిలబెట్టే ఒక్క చోట, మీ ఇంట్లో మత్తు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగడానికి మాత్రం నోరు రాదు! పోయాక "టైమొచ్చింది, పోయిండు" అంటారు. సిగ్గుండాలి. బిల్లులో దూదికీ గ్లౌజులకూ లెక్క ఉంటుంది, ఏ మందుకు ఊపిరి ఆగిందో రాసి ఉండదు. ఏడాది తిరక్కముందే ఆయన తమ్ముడు అపెండిక్స్ నొప్పితో వస్తాడు. ఆయనకూ అదే సూది.