మెట్లెక్కిస్తే ఫుట్‌బాల్ ఫిట్‌నెస్ వచ్చేస్తాదా సామీ?

సీజన్ ఇంకా ఆరు వారాలుందనంగానే తిరుపతిలో కోచ్‌లకు అలిపిరి గుర్తొస్తాది. తెల్లారకముందే పిల్లోళ్లను పిలుచుకుపోయి 3,550 మెట్లు ఎక్కించి, నడిచే కిందికి దించి, 'ఫిట్‌నెస్ అయిపోయింది' అంటారు. ఏం అయిపోయింది, మోకాళ్లా?

మెట్లెక్కితే గుండెకు పని దొరుకుతాది, కాదనను. కానీ ఫుట్‌బాల్ అంటే ఉరకడం, ఆగడం, తిరగడం, మళ్లీ ఉరకడం. మెట్ల మీద అడుగు పొట్టి, తొడ వెనక కండరం ఫుల్ స్పీడ్‌లో సాగే పనే ఉండదు. సీజన్‌లో పట్టేసేది ఆ హామ్‌స్ట్రింగే. ఇక దిగుడు ఇంకా ఘోరం. ప్రతి మెట్టుకూ తొడ ముందు కండరం సాగుతా ఒంటి బరువును ఆపాల. అలవాటు లేనోడికి నొప్పి ఆ పొద్దు తెలీదు, ఒకటి రెండు రోజులకు పట్టుకుంటాది. సరిగ్గా ఆ రోజే మనోళ్లు టెస్ట్ పెడతారు!

ఆ టెస్టూ గ్రౌండ్ చుట్టూ 12 నిమిషాల పరుగే. అది 1968 నాటి కూపర్ టెస్ట్, ఆగకుండా పరిగెత్తేదానికి పనికొస్తాది. మనకు కావాల్సింది డెన్మార్క్ క్రీడా శాస్త్రవేత్త బాంగ్స్‌బో తయారుచేసిన యో-యో ఇంటర్మిటెంట్ రికవరీ టెస్ట్, లెవెల్ 1. అంటే ఉరికి, కాస్త తేరుకుని, మళ్లీ ఉరికేది. ఖర్చేముంది, ఒక టేపు, కోన్లు, బీప్ ఆడియో, స్పీకరు. 20 మీటర్ల దూరంలో రెండు గీతలు గీసి, మొదటి గీత వెనక 5 మీటర్లకు ఇంకో కోన్ పెట్టండి. బీప్‌కు పోయి బీప్‌కు వస్తే 40 మీటర్లు. తర్వాత 10 సెకన్లలో వెనక కోన్ చుట్టి వచ్చి గీత మీద నిలబడాల. వేగం గంటకు 10 కిలోమీటర్లతో మొదలై పెరుగుతా పోతాది. ఒకసారి అందుకోకపోతే వార్నింగ్, రెండోసారి అవుట్. ఎన్ని మీటర్లు పోయినాడో రాసుకోండి. గోల్‌కీపర్‌ను మాత్రం ఈ నంబర్ చూపించి తిట్టొద్దు.

చెడిపోయేది కొలత దగ్గరే. టేపు ఉన్నా అడుగులతో కొలుస్తారు. 20కి బదులు 19 పడిందనుకోండి, మీ పుస్తకంలో 1,200 ఉన్నోడు ఉరికింది 1,140. వేగమూ తగ్గినట్టే కాబట్టి మోసం అంతకన్నా పెద్దదే. గీత దాటకుండానే తిరిగేసేవాళ్లను చూడ్డానికి రెండు కొసల్లోనూ మనిషి ఉండాల. మొదటి టెస్ట్ మే నెల సాయంత్రం, రెండోది వాన పడినాక పొద్దున్నే పెడితే, మీరు కొలిచింది పిల్లోణ్ణి కాదు, తిరుపతి ఎండను. అదే గ్రౌండ్, అదే టైం, అవే బూట్లు, ముందురోజు రెస్ట్.

30 మీటర్ల స్ప్రింట్‌ను చేత్తో స్టాప్‌వాచ్ నొక్కి కొలవొద్దు. మన వేలి తప్పే 0.2 సెకన్ల దాకా పోతాది. ఫోన్‌లో స్లో మోషన్ తీసి ఫ్రేములు లెక్కపెట్టుకోండి.

హామ్‌స్ట్రింగ్‌కు నార్డిక్ అనే కసరత్తు చేయించండి. మోకాళ్ల మీద నిలబడితే వెనక ఒకడు చీలమండలు పట్టుకుంటాడు, ఒళ్లు నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలాల. మొదటి వారం ఒక్కరోజే, ఐదేసి రెండు సెట్లు. ఉత్సాహపడి ముప్పై చేయిస్తే మర్నాడు బాత్రూంలో కూర్చోలేరు.

ప్రాక్టీసుకు ముందూ తర్వాతా బరువు చూడండి. 60 కిలోలోడు 1.2 కిలోలు తగ్గినాడంటే ఒంటి బరువులో 2 శాతం నీళ్లు పోయినట్టే, ఆట మందగించేది అక్కణ్ణుంచే.

కొండకు పోవాలనుంటే సీజన్ అయినాక పోండి. దిగేటప్పుడు మాత్రం బస్సులో రండి.