సముద్రానికి నిలిచిన దిబ్బ పారకు లొంగింది

నెదర్లాండ్స్ అనగానే మనకు కరకట్టలే గుర్తొస్తాయి. గోడ కట్టి సముద్రాన్ని ఆపిన జాతి అన్న కథ విని విని అరిగిపోయింది. ఆ కట్టలకు దాదాపు పదిహేను వందల ఏళ్ల ముందే అక్కడ మరో ఏర్పాటు ఉండేది. కట్ట కంటే అదే తెలివైనదని నా అభిప్రాయం.

ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ తీరంలో హేగేబైంటుమ్ అనే చిన్న పల్లె ఉంది. దాని దిబ్బ సముద్రమట్టానికి 8.8 మీటర్ల ఎత్తు. ఆ దేశంలో ఇంతకన్నా ఎత్తైన నివాస దిబ్బ లేదు. పైన 12వ శతాబ్దంలో కట్టిన చర్చి ఉంది. ఇలాంటి దిబ్బను అక్కడ టెర్ప్ అంటారు, పక్కనున్న గ్రోనింగెన్‌లో వీర్డ్ అంటారు. ఇది ప్రకృతి పెట్టిన గుట్ట కాదు. మనుషులు పేర్చింది, అంతకంటే ఎక్కువగా పశువులు వేసింది.

పెద్దపోటుకు మునిగే ఉప్పునేలలో కాస్త మెరక చూసుకుని, గడ్డి పెళ్లలు కోసి, మీటరు ఎత్తున అరుగు పేర్చేవారు. దాని మీద ఇల్లు. కొట్టంలోంచి ఎత్తిన పేడ, పొయ్యి బూడిద, కూలిన గోడల మట్టి, పగిలిన కుండలు అక్కడే పడేవి. ఇల్లు పాతబడితే ఆ చెత్తనే చదును చేసి, పైన బంకమట్టి పరిచి, ఇంకాస్త ఎత్తులో కొత్తిల్లు కట్టేవారు. తరతరాలుగా ఇదే పని. పక్కపక్క అరుగుల మధ్య సందులు పూడి, అన్నీ కలిసి ఒకే ఊరి దిబ్బ అయ్యేవి. చుట్టూ ఉప్పునీరే కాబట్టి వాననీరు నిలవడానికి గుంట తవ్వుకునేవారు. పోటు నీరు ఆ గుంటలో కలిస్తే మనిషికీ పశువుకూ తాగునీరు లేనట్టే. కింద పొలంలో ఉప్పును ఓర్చుకునే బార్లీ, అవిసె, ఒక రకం చిక్కుడు పండేవి.

గ్రోనింగెన్‌లోని ఎజింగె దిబ్బను 1923 నుంచి 1934 వరకు పురావస్తు శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఎగ్గెస్ వాన్ గిఫెన్ తవ్వించారు. పేడ అలికిన దడి గోడలు నిలబడినవి నిలబడినట్టే బయటపడ్డాయి. ఒక కొసన మనుషులు, మరో కొసన నడవాకు రెండు పక్కలా పశువులు. తడి పేడ పొరల్లోకి గాలి చొరబడదు, అందుకే రెండు వేల ఏళ్ల నాటి అల్లిక కుళ్లలేదు. ఈ తీరానికి కాస్త తూర్పున ఇలాంటి దిబ్బల మీదే బతికే చౌకీ అనే తెగవాళ్లను రోమన్ రచయిత ప్లీనీ చూసి అయ్యో పాపం అన్నాడు. పోటు వస్తే ఓడ మీది వాళ్లలా, తీస్తే ఓడ పగిలిన వాళ్లలా ఉన్నారన్నాడు. అడుగడుగునా కాలవలు రాళ్లతో కట్టుకున్న ఊరివాడికి పేడతో కట్టిన ఊరు కనబడలేదు.

ఇక కట్టల సంగతి. సుమారు 11, 12వ శతాబ్దాల నుంచి అవి లేచాయి. పోటు లోపలికి రావడం ఆగింది. దాంతోపాటు పోటు తెచ్చే ఒండ్రూ ఆగింది. కట్ట బయటి ఉప్పునేల ఏటేటా ఒండ్రుతో మెరకవుతుంటే, లోపలి నేల నీరు తోడేకొద్దీ కుంగుతూ వచ్చింది. కట్ట ఎంత పెంచితే లోపలి పల్లానికి అంత ప్రమాదం. 1717 క్రిస్మస్ ఉప్పెనలో ఉత్తర సముద్ర తీరం పొడవునా సుమారు 14 వేల మంది పోయారు. దిబ్బ మునిగితే ఒక ఇంటికి నష్టం, కట్ట తెగితే జిల్లాకు నష్టం.

కట్టలే లేకపోతే అన్నేసి ఎకరాల గోధుమ ఎక్కడిది, ఇంత జనాభాను దిబ్బలు మోస్తాయా అని అడగొచ్చు. మోయలేవు, నిజమే. కట్ట వద్దని నేననడం లేదు. కట్ట వచ్చింది కదా, ఇక దిబ్బ ఎందుకనుకోవడమే తప్పంటున్నాను.

ఎందుకంటే సరిగ్గా అదే జరిగింది. 19వ శతాబ్దం మధ్య నుంచి దిబ్బ మట్టి అమ్మకపు సరుకైంది. వందల ఏళ్ల పేడ, బూడిద, ఎముకలతో ఫాస్ఫేటు, సున్నం నిండిన మన్ను కదా! ఇసుక నేలల రైతులు ఎగబడి కొన్నారు. దిబ్బ అంచు దాకా కాలువ తవ్వి పడవ తెచ్చేవారు. గోడలా నిలువునా కోసి, సన్న పట్టాల మీది తొట్టి బండ్లలో తోసుకెళ్లి పడవలో దింపేవారు. హేగేబైంటుమ్‌లో చర్చినీ సమాధులనూ వదిలి, దిబ్బలో చాలా భాగం ఇలాగే పోయింది. చర్చి పక్కన నేల ఒక్కసారిగా దిగిపోతుంది. అది వాలు కాదు, కోత. కోసిన చోట అంచు జారుతుంది. లోపలికి గాలి తగిలి, తడి ఆరి, మిగిలిన కర్రా తోలూ కుళ్లడం మొదలవుతుంది. ఈ వ్యాపారాన్ని ఆపింది ముఖ్యంగా రసాయన ఎరువు, చరిత్ర మీద గౌరవం కాదు.

ఆ దేశమే తిరిగి దిబ్బలకొచ్చింది. 1995లో నదులు పొంగి రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక, కట్ట పెంచుతూ పోవడం కుదరదని తెలిసింది. బెర్గ్‌షె మాస్ నది పక్కన ఓవర్‌డీప్సె పోల్డర్‌లో, అంటే కట్టల మధ్య పల్లపు పొలాల్లో, రైతులే దిబ్బల ప్రతిపాదన తెచ్చారు. 2015 నాటికి సుమారు 6 మీటర్ల ఎత్తున 8 కొత్త దిబ్బలు లేచాయి, నది వైపు కట్టను తగ్గించారు. వరదొస్తే పొలం మునుగుతుంది, కొట్టం మునగదు. దిబ్బ దక్కని కుటుంబాలు మాత్రం వేరే చోటికి వెళ్లాల్సి వచ్చింది.

ఆ పడవల్లో వెళ్లిన మట్టికి తెలుగులో సరైన మాటే ఉంది, పాటిమన్ను. పాడుబడ్డ ఊరి దిబ్బ మట్టి చేనుకు బలమని మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులో నవీనశిలాయుగపు బూడిద దిబ్బను 1957లో తవ్వితే తేలింది కూడా పశువుల దొడ్డి, కాలిన పేడే. అక్కడ పడవ, ఇక్కడ ట్రాక్టరు. మన పాటిదిబ్బలు చాలావాటికి ఊరి పటంలో పేరు కూడా ఉండదు, లోడు లెక్క మాత్రం ఉంటుంది.